పేరు లేని చోట చుక్క

మా ఆఫీసులో ఆమెను అందరూ వదిన అనేవాళ్లు. ఏ అన్నయ్య భార్య అని అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు, ఎందుకంటే ఆమె పెళ్లే చేసుకోలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, నాకంటే పెద్దది కదా అని నేను నోరారా "అక్కా" అని పిలిచాను. టైపు చేస్తున్న ఆమె చేతులు ఆగిపోయాయి.

"పిన్ని అను, వదినా అను, మేడమ్ అను, నీ ఇష్టం. అక్కా అని మాత్రం అనకు," అంది.

నాకు అసలే ముక్కు మీద కోపం. మర్యాదగా పిలిస్తే ఈవిడకేం టెక్కు అనుకుని వారం రోజులు ఏ పిలుపూ లేకుండానే పని కానిచ్చాను. ప్రింటరు చెడిపోయినప్పుడు కూడా "ఇదిగో", "చూడండి" అంటూ నెట్టుకొచ్చాను. తర్వాత అందరితోపాటు నాకూ వదినే అయింది.

మాది పెద్దాసుపత్రిలో మూడో అంతస్తు. ఊళ్లోనూ చుట్టుపక్కలా ఉన్న సర్కారు ఆసుపత్రులన్నిటి రోగుల వివరాలు మా దగ్గరున్న ఒకే ఒక్క సర్వరులో ఉండేవి. డేటాబేసు బాగోగులు వదినవి. కేబుళ్లు, కంప్యూటర్లు, ఎలుకలు కొరికిన వైర్లు, గుమాస్తాల చిరాకులు నావి. ఆ సర్వరును ఏసీ గదిలో పెట్టి, మేము మాత్రం బయట ఫ్యాను కింద చెమటలు కక్కుతూ కూర్చునేవాళ్లం. వచ్చే జన్మంటూ ఉంటే సర్వరుగా పుట్టాలని నేను అంటూండేదాన్ని.

దానిలోని సాఫ్ట్‌వేరు ఎంత పాతదంటే, తయారు చేసిన కంపెనీయే మూతపడిపోయింది. కొత్త వెర్షను రాదు, మరమ్మతు లేదు, ఫోను చేస్తే ఎత్తే నాథుడు లేడు. రోజూ బ్యాకప్ తీసేవాళ్లం కానీ, ఆ బ్యాకప్‌ను చదవగలిగేది మళ్లీ ఆ పాత సాఫ్ట్‌వేరే. దాన్ని ఇంకో యంత్రంలో ఎక్కిద్దామంటే డిస్కు ఎప్పుడో, ఎవరి హయాంలోనో పోయింది. కాబట్టి మాకున్నది ఆ ఒక్క యంత్రమే. అది దగ్గితే మాకు జ్వరం వచ్చేది.

ఇక్కడ ఇండెక్సు సంగతి చెప్పాలి. పుస్తకం చివర ఏ మాట ఏ పేజీలో ఉందో చెప్పే పట్టిక ఉంటుంది కదా, అదే ఇది. పేరుకు ఇండెక్సు ఉంటే పేరు కొట్టగానే మనిషి దొరుకుతాడు. లేకపోతే యంత్రం మొదటి రోగి నుంచి చివరి రోగి దాకా ఒక్కొక్కరినీ తట్టి "నువ్వేనా?" అని అడగాలి. అయితే అన్నిటికీ ఇండెక్సులు పెట్టేయవచ్చుగా అని నేనూ అడిగాను. కుదరదట. కొత్త రోగి వచ్చిన ప్రతిసారీ ఆ పట్టికలన్నిటినీ సరిదిద్దాలి. ఒక్కో ఇండెక్సుకూ కింద ఎమర్జెన్సీలో స్ట్రెచరు మీదున్న మనిషి ఇంకాసేపు ఆగాలి. అందుకని వదిన కొన్నిటినే ఎంచుకుంది. పేరు, పుట్టిన తేదీ, తండ్రి లేదా భర్త పేరు, ఫోను నంబరు. జనం వెతికేది వీటితోనే. ఒంటి మీద గుర్తులు రాసే గడి కూడా ఉండేది కానీ దానికి ఇండెక్సు లేదు. పైగా అంత పొడుగు రాతకు ఇండెక్సు కడదామన్నా ఆ పాత సాఫ్ట్‌వేరు ఒప్పుకునేది కాదు.

ఇంకో ముచ్చట ఉంది. పేరు గడి ఖాళీగా వదిలితే సిస్టమ్ ముందుకు కదిలేది కాదు. స్పృహ లేనివాళ్లు, మతి తప్పినవాళ్లు, మాట రానివాళ్లు వస్తే గుమాస్తా ఏం రాస్తాడు? ఎవడో మహానుభావుడు ఓ చుక్క పెట్టి ఎంటరు కొట్టాడు. పని జరిగిపోయింది. అది ఒక కౌంటరు నుంచి ఇంకో కౌంటరుకు, ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి పాకింది. ఎవరూ ఎవరికీ నేర్పలేదు, ఆర్డరు వేయలేదు. పేరు తెలియని ప్రతి మనిషీ మా దగ్గర చుక్కే. పేరు ఇండెక్సులో ఆ చుక్కలన్నీ ఒకే చోట గుట్టగా పడి ఉండేవి. ఆ గుట్టలో ఎవరెవరో యంత్రానికీ తెలియదు, మాకూ తెలియదు.

వదిన మధ్యాహ్నం భోజనానికి మాతో వచ్చేది కాదు. ఎడమ చేత్తో చెంచా పట్టుకుని, కుడి చేత్తో మౌసు నొక్కుతూ తెర మీద ఏవో రికార్డులు ఒక్కొక్కటిగా తెరిచి చదువుతూ తినేది. పని రాక్షసి అనుకున్నాను. పైవాళ్ల దగ్గర మంచి పేరు కొట్టేయడానికి అని కూడా అనుకున్నాను, నా బుద్ధి అలాంటిది.

ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి ఎమర్జెన్సీ కౌంటరు బిగుసుకుపోయింది. కింద జనం అరుపులు మూడో అంతస్తుకు వినిపించాయి. నేను కేబులేమో అని పరిగెత్తబోతే వదిన పాలిపోయిన ముఖంతో "కేబులు కాదు, నేనే," అంది. గుర్తుల గడిలో ఏదో వెతకమని యంత్రాన్ని అడిగిందట. అది లక్షల మందిని తట్టి లేపడానికి బయలుదేరి మిగతా పనులన్నీ వదిలేసింది. వదిన ఆ వెతుకులాటను మధ్యలోనే చంపేసింది. కౌంటరు కదిలింది. అప్పటికి కింద ఓ గర్భిణి బల్ల మీద నొప్పులు పడుతూ స్లిప్పు కోసం ఆగి ఉంది. తల్లీబిడ్డా క్షేమమే కానీ, వదిన కిందికి వెళ్లి ఆమెను కళ్లారా చూసి వచ్చేదాకా కుర్చీలో కూర్చోలేదు.

"ఏం వెతికావు వదినా?" అన్నాను.

మధ్యమధ్య ఆగుతూ చెప్పింది.

ఆమెకు ఒక అక్క ఉండేది. పుట్టు చెవిటి, అందువల్ల మాట రాలేదు. బడికి పంపలేదు. కుడిచేతికి ఆరు వేళ్లు. తల్లి లేని ఇంట్లో ఈమెను ఎత్తుకుని తిప్పింది, తినిపించింది, జోకొట్టింది, అన్నీ ఆ అక్కే. పాట రాని జోల అది, వీపు మీద చెయ్యి మాత్రమే. ఈమెకు ఏడేళ్లప్పుడు జ్వరం తలకెక్కి ఒంటి మీద తెలివి లేకపోతే, తండ్రి ఇద్దరినీ తీసుకుని దూరపు ఊరి ఆసుపత్రికి వచ్చాడు. అక్క పాల కోసం బయటికి వెళ్లింది. అంతలో డాక్టరు ఇక్కడ లాభం లేదని అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి పంపాడు. అంబులెన్సు ఆగదు. పెద్దమ్మాయి వస్తే కూర్చోబెట్టమని తండ్రి ఆయాను బతిమాలి వెళ్లాడు. డ్యూటీ మారింది, ఆయా ఇంటికి పోయింది. మర్నాడు తండ్రి వచ్చేసరికి అక్క లేదు. తమ ఊరి పేరు ఆమె పలకలేదు, రాయలేదు. ఇంటికి ఏ బస్సెక్కాలో కూడా తెలియదు.

ఆ తండ్రి బతికున్నంత కాలం కాలికి బలపం కట్టుకుని తిరిగాడు. ఆయన పోయాక వెతకడం ఈమె వంతయింది. ఎన్నో మంచి ఉద్యోగాలు వదులుకుని ఈ ఆసుపత్రి సర్వరు దగ్గరికి ఎందుకు వచ్చి కూర్చుందో నాకప్పుడు అర్థమైంది. మాట రాని మనిషికి ఎప్పుడో ఒకప్పుడు జబ్బు చేస్తుంది, ఎవరో ఒకరు ఏదో ఒక సర్కారు ఆసుపత్రికి తెస్తారు, అక్కడ చుక్కగా నమోదవుతుంది. అందుకే భోజనం వేళ రోజుకు కొన్ని చుక్కలు తెరిచి గుర్తుల గడి చదివేది. కానీ ఆమె చదివినన్ని చుక్కలకంటే కొత్తగా వచ్చి పడే చుక్కలే ఎక్కువ.

"ఇంత కాలం ఆగావు. ఇవాళెందుకు అడిగావు మరి?" అన్నాను.

"ఉండబట్టలేక," అంది. అంతే.

ఆ రోజు తర్వాత ఆమె మళ్లీ ఆ సాహసం చేయలేదు. యంత్రం ఖాళీగా ఉండే వేళ చూసుకోవచ్చు కదా అంటే, ఎమర్జెన్సీకి సెలవుంటుందా అంది. నిజమే. అక్క కోసం ఇంకొకరి అక్కను బల్ల మీద ఆపలేనని నాతో అంది. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఆ సాఫ్ట్‌వేరు మీద, ఆ మూతపడ్డ కంపెనీ మీద, డిస్కు పోగొట్టిన ముఖం తెలియని మనిషి మీద మండింది.

అలా ఉండగా, మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, పాత సర్వరును తీసేస్తున్నామని పైనుంచి కబురొచ్చింది. కొత్త యంత్రం, కొత్త సాఫ్ట్‌వేరు. మొదట అందరం సంతోషించాం. మీటింగులో సూపరింటెండెంటు పద్ధతి వివరించారు. పాత రికార్డులన్నీ కొత్తదానిలోకి వెళ్తాయి, పేరు సరిగా లేనివి మాత్రం వెళ్లవు. కొత్త సిస్టమ్ చుక్కను పేరుగా ఒప్పుకోదట. ఆ రికార్డులను పాత యంత్రంలోనే వదిలేసి, నెలాఖరున దాన్ని ఆపి పాత సామాన్ల వాడికి ఇచ్చేస్తారట.

ఏ మీటింగులోనూ నోరు విప్పని వదిన లేచి నిలబడింది.

"పేరు లేని వాళ్ల రికార్డులు ఎవరడుగుతారమ్మా?" అన్నారు సూపరింటెండెంటు. ఆయన దుర్మార్గుడేం కాదు, నిజంగానే తెలియక అడిగారు.

"వాళ్ల వాళ్లు అడుగుతారు సార్."

ఆయన కాగితాలు సర్దుకున్నారు. చూద్దాం అన్నారు. మా ఆఫీసులో చూద్దాం అంటే చూడబోమని అర్థం.

కొత్త సిస్టమ్ పెట్టడానికి బయటి నుంచి ఓ ఇంజనీరు వచ్చాడు. కళ్లజోడు నెత్తి మీద పెట్టుకుని బల్ల కింద వెతుక్కునే రకం. నేనతన్ని కళ్లజోడు అనేదాన్ని. వదిన అతనికి అక్క సంగతి చెప్పలేదు, సిగ్గు. ఎవరి ముందూ తన అవసరం చెప్పుకోవడం ఆమెకు చేతకాదు. అడగందే అమ్మైనా పెట్టదని నేనే వెళ్లి అతని దగ్గర మొత్తం కక్కేశాను. చెప్పాక వదిన ఏమంటుందోనని భయం కూడా వేసింది.

కళ్లజోడు అంతా విని వదిన దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"అసలు యంత్రాన్ని ముట్టుకోవద్దండీ. బ్యాకప్ ఇంకో దాంట్లో పోసి, అక్కడ వెతుకుదాం. ఎంతసేపు పట్టినా ఎవరికీ నష్టం లేదు."

"దానికి పాత సాఫ్ట్‌వేరు కావాలి. మా డిస్కు లేదు," అంది వదిన.

"నా దగ్గరుంది. నేను మొదట పనిచేసిన చోట ఇదే ఉండేది. పారేయబుద్ధి కాలేదు."

వదిన అతని ముఖం చూసి, లేచి నీళ్లు తాగడానికి వెళ్లింది. చాలాసేపు రాలేదు.

స్టోరులో దుమ్ము పట్టి ఉన్న కంప్యూటరొకటి దులిపి నేనే తెచ్చాను. దానికి ఆ పాత సాఫ్ట్‌వేరు ఎక్కించడానికి మా తలప్రాణం తోకకొచ్చింది. తేదీ అడిగితే అది ఇంకా పుట్టని సంవత్సరం అన్నట్టు వెర్రిచూపులు చూసేది. మొత్తానికి బ్యాకప్ పోశాం. వదిన వెతకాల్సిన మాటలు రాసింది. గుమాస్తాలు ఒకే సంగతిని ఎన్ని రకాలుగా రాస్తారో ఆమెకు తెలుసు. ఆరు వేళ్లు, అదనపు వేలు, వేలు ఎక్కువ, మూగ, మాట లేదు, పలకదు, చెవుడు. తప్పుడు అక్షరాలతో కూడా రాసింది. ఎంటరు మాత్రం నన్ను కొట్టమంది.

ఉదయం మొదలుపెడితే మధ్యాహ్నం దాటింది. వదిన కూర్చోలేకపోయింది. బల్ల తుడిచింది, తుడిచిన బల్లనే మళ్లీ తుడిచింది, నా బల్ల కూడా తుడిచింది. నేను పిచ్చి జోకులు వేశాను. ఒక్కటీ పేలలేదు.

యంత్రం ఆగింది. తెర మీద కొన్ని వరసలు కనబడ్డాయి.

మొదటిది చాలా ఏళ్ల కిందటిది, నది అవతలి ఆసుపత్రిది. పేరు చుక్క. స్త్రీ. వయసు సుమారు ముప్పై. కుడిచేతికి ఆరు వేళ్లు, మాట లేదు. రెండోది ఇంకో ఆసుపత్రి, సుమారు ముప్పై అయిదు. తర్వాతిది సుమారు నలభై. ఆ తర్వాత నలభై పైన. ప్రతిసారీ కొత్త గుమాస్తా, కొత్త చుక్క, కొత్త మనిషి. ఒకే మనిషని ఎవరికీ తెలియదు. గుమాస్తాల అంచనాల్లోనే అక్క పెద్దదవుతూ వచ్చింది. చివరిది నిరుడు వానాకాలంలో, యాభై దాటి. ఆసుపత్రి పేరు రెండుసార్లు చదివాను. అది మాదే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, వదిన పైన కూర్చుని చుక్కలు చదువుతున్న ఏ వేళో ఆ మనిషి కింది అంతస్తులో ఉంది.

వదిన వేలు తెర మీద పేర్ల వైపు లేదు. జబ్బు గడి చూపిస్తోంది. అన్ని వరసల్లోనూ అది ఖాళీ. అక్కకు ఏ జబ్బూ లేదు. మరెందుకొచ్చింది? పక్కన డాక్టర్లు రాసిన రెండు మూడు మాటలున్నాయి. కళ్లజోడు గొంతు తగ్గించి చదివాడు.

బాధేమీ చూపించడం లేదు, పిల్లల వార్డులో తిరుగుతుంటే గార్డు తెచ్చాడు, పంపేశాం. ఇంకోటి. పిల్లల వార్డులో మంచాలన్నీ చూస్తోంది, దుప్పట్లు తీసి చూస్తోంది, తల్లులు భయపడుతున్నారు, పంపేశాం. చివరిది మా ఆసుపత్రిది. పిల్లల వార్డు, ఎవరికీ హాని చేయలేదు, చేతిలో పాల ప్యాకెట్టు, పంపేశాం.

కళ్లజోడు చదవడం ఆపేశాడు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. వదిన మాత్రం ఏడవలేదు. తెర మీదనుంచి చూపు తిప్పకుండా మాట్లాడింది.

"ఇన్నాళ్లూ అక్క తప్పిపోయిందనుకున్నాను. అక్క లెక్కలో తప్పిపోయింది నేనే. ఆసుపత్రులన్నీ తిరిగి నన్ను వెతుకుతోంది," అంది. పిల్లల వార్డు అన్న మాట మీద వేలు పెట్టి, "నాకింకా ఏడేళ్లే అనుకుంటోంది," అంది.

ఆ తర్వాత చేయాల్సినవన్నీ చేశాం. గార్డులందరికీ, ఆయాలకూ, అన్ని ఆసుపత్రుల కౌంటర్లకూ చెప్పాం. అలాంటి మనిషి వస్తే పంపేయొద్దు, కూర్చోబెట్టి ఫోను చేయండి అని. ఆశ్రమాలకు వెళ్లాం, పోలీసుల దగ్గరికి వెళ్లాం. మా గేటు గార్డుకు ఆమె లీలగా గుర్తుంది. బస్సు దిగి వచ్చింది, బస్సెక్కి పోయింది, అంతకుమించి తెలియదన్నాడు. కళ్లజోడు సూపరింటెండెంటుతో మాట్లాడి, పేరు లేని వాళ్లకు తలా ఒక నంబరు ఇచ్చి చుక్కలన్నిటినీ కొత్త సిస్టమ్‌లోకి ఎక్కించాడు. వదిన ఒక్క కోరిక కోరింది, గుర్తుల గడికి ఇండెక్సు. కొత్త యంత్రానికి అదో బరువు కాదు. ఇప్పుడు ఆరు వేళ్లు అని కొడితే కనురెప్ప వేసేలోగా జవాబొస్తుంది. ఆ పాత వరసలే వస్తాయి. నేను రోజూ పొద్దున రాగానే కొట్టి చూస్తాను. కొత్త వరస రాలేదు.

వదిన మూడో అంతస్తు కుర్చీ వదిలేసింది. పిల్లల వార్డు గుమ్మం దగ్గర చేరికలు రాసుకునే బల్ల ఒకటుంటుంది. అందరూ వద్దనే చోటు, ఏడుపులు, వాంతులు. అడిగి మరీ అక్కడికి డ్యూటీ వేయించుకుంది. హోదా తగ్గుతుందని సూపరింటెండెంటు నచ్చజెప్పబోయారు. ఆమె వినలేదు. ఆ గుమ్మం దాటకుండా ఎవరూ మంచాల దాకా వెళ్లలేరు కదా అంది.

మొన్న వార్డులో ప్రింటరు చెడిపోతే వెళ్లాను. వదిన తల వంచుకుని రాసుకుంటోంది. సగానికి సగం నెరిసిన జుట్టును పాయలు తీసి రెండు జడలు వేసుకుని, చెవుల పక్కకు మడిచి, ఎర్ర రిబ్బన్లు కట్టుకుంది. వార్డులో ఓ పిల్ల ఆమెను చూసి పకపకా నవ్వుతోంది. వదిన కూడా ఆ పిల్లను చూసి నవ్వింది. నేను అడగకుండానే ఆమే చెప్పింది.

"ఆ రోజు అక్క నాకు జడలు ఇలాగే వేసింది. ఇప్పటి నా ముఖం చూసి ఎలాగూ పోల్చుకోలేదు కదా."

కుడివైపు రిబ్బను జారిపోతోంది. తన చేత్తో తను బిగించుకోలేకపోతోంది. నేను ప్రింటరు పక్కన పెట్టి, ఆమె వెనక నిలబడి ముడి విప్పి మళ్లీ కట్టాను.